నేను దాచిన ఇంజన్ పుస్తకం

మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు దానికి ఒక అబద్ధం చెప్పాను. నాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందనీ, ఇకమీదట రోజూ సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాననీ చెప్పాను. అందులో సాయంత్రానికి రావడం ఒక్కటే నిజం.

అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను గూడ్సు బండ్లు నడుపుతున్నాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కళాసీగా చేరాడు. మా నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయ్యాడు. మా ఇంట్లో ఇంజన్ ఎక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. నిమ్‌పురా యార్డులో బండి తీసుకున్నానంటే మళ్ళీ ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టరుకి ఎప్పుడు చేరతానో నాకే తెలిసేది కాదు. అందుకని కూతురు పుట్టిన మొదటి నాలుగైదేళ్ళు నేను దాన్ని నిద్రలోనే ఎక్కువ చూశాను. అది నన్ను గుమ్మంలో బూట్లుగానే ఎక్కువ చూసింది.

ఆ ఏడాది మామూలుగా జరిగే మెడికల్ పరీక్షకి వెళ్ళాను. కళ్ళ డాక్టరు ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం పెట్టమని, వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నేను నొక్కుతూనే ఉన్నాననుకున్నాను. చాలా వెలుగులు వచ్చి వెళ్ళిపోయాయట, నాకు తెలియనే లేదు. ఎదుటి చూపు బాగుందనీ, పక్కచూపు పోతోందనీ, కంటి నరం దెబ్బతింటోందనీ ఆయన నెమ్మదిగా హిందీలో చెప్పాడు. మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది, పోయింది రాదు. "దాదా, ఇక లైన్ మీదకి వెళ్ళకండి" అన్నాడు చివర్న.

నన్ను లాబీలో వేశారు. డ్యూటీ ఎక్కే డ్రైవర్లు వచ్చి సంతకం పెట్టి, గొట్టంలో ఊది తాము తాగి లేమని చూపించి, బండి నంబరు తీసుకుని వెళ్ళే గది అది. పద్దెనిమిదేళ్ళు కౌంటరుకి ఇవతల నిలబడ్డవాణ్ణి, అవతల కుర్చీలో కూర్చున్నాను. తోటివాళ్ళు నా ముఖం చూడకుండా సంతకం పెట్టేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు. నేను కూడా ఒకప్పుడు అలాంటి వాళ్ళ ముఖం చూడలేదు.

సాయంత్రాలు ఇంట్లో ఏం చేయాలో నాకు తెలిసేది కాదు. వరండాలో కుర్చీ వేసుకుని, దూరంగా యార్డులో బండ్లు కలుపుతున్న చప్పుడు వింటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా ఒళ్ళో ఒక పలచటి పుస్తకం పడేసింది.

"నాకు పొయ్యి మీద పనుంది. దానికి ఇది సదివి పెట్టండి. రోజూ ఈ ఏలకి అడుగుతాది."

అది తెలుగు బొమ్మల పుస్తకం. మా కాలనీలో ఆదివారాలు ఒక అమ్మాయి వచ్చి పిల్లలకి అలాంటివి ఇచ్చి వెళుతుందని అప్పుడే తెలిసింది నాకు. వరంగల్ దగ్గరి పిల్ల, ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తూ ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని ఉండేది. సైకిల్ వెనక అట్టపెట్టె కట్టుకుని వచ్చి, మా కమ్యూనిటీ హాలు అరుగు మీద చాప పరిచి కూర్చునేది. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, బడిలో ఇంగ్లీషు, హిందీ, వీధిలో బెంగాలీ. తెలుగు అక్షరం చాలామందికి రాదు. నేను తెలుగు మీడియంలో చదివిన ఆఖరి బ్యాచుల్లో వాణ్ణి.

పుస్తకం తెరిచి, డ్యూటీ కాగితం చదివినట్టు గడగడా చదివేశాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

కూతురు నా వైపు జాలిగా చూసింది. "అలాగ కాదు నాన్నా. అమ్మ ఆగుతాది."

"ఎక్కడ ఆగుతాది?"

"ప్రతి బొమ్మ కాడా. నేను సూడాల గదా."

మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఆగుతూ. ఆగితే ఏం జరుగుతుందో ఆ రోజు చూశాను. కథలో లేని చీమ ఒకటి పేజీ మూలన ఉంది, దాన్ని కూతురు చూపించింది. పిల్లి ఎందుకు అటు తిరిగి కూర్చుందో చెప్పింది. నేను నోరు మూసుకుని ఉన్నంతసేపూ అది మాట్లాడుతూనే ఉంది. నా కూతురు అంత మాట్లాడుతుందని దానికి ఐదేళ్ళు వచ్చాక మొదటిసారి తెలిసింది నాకు.

కొన్ని నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం అది తెచ్చుకున్న పుస్తకంలో ఒక అమ్మాయి గూడ్సు బండి నడుపుతోంది. పచ్చ రంగు ఇంజన్, రెండు జడల పిల్ల. అడవిలోంచి, వంతెన మీంచి, వానలోంచి వెళ్ళి ఒక కొండ ఊరికి బొగ్గు చేరుస్తుంది. అంతే కథ. నేను ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి వేరేది తీయబోయాను. అది ఒప్పుకోలేదు.

చదవడం మొదలుపెట్టాక చిత్రంగా నాకే ఆపబుద్ధి కాలేదు. "ఈడ హారన్ రెండుసార్లు కొట్టాల" అనేవాణ్ణి. "వాన పడితే పట్టాలు జారతాయి. అప్పుడు చక్రాల కింద ఇసక వదుల్తాం." అది నోరు తెరుచుకుని వినేది. మెడికల్ తర్వాత ఇంజన్ గురించి నేను నోరు విప్పింది ఆ పుస్తకం దగ్గరే. లాబీలో మాట్లాడలేదు, మా ఆవిడతో కూడా మాట్లాడలేదు.

"నాన్నా, పెద్దయినాక నేను కూడా బండి నడుపుతాను" అంది ఒకరోజు.

"నడుపుదువుగాని" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో ఇప్పుడు రాయడానికి కూడా కష్టంగా ఉంది.

అదే ఏడాది బడిలో కంటి పరీక్ష పెట్టారు. బోర్డు మీది అక్షరాలు దీనికి కనిపించడం లేదన్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే రెండు కళ్ళకీ మైనస్ అయిదు చెప్పాడు. ఇంకా పెరగొచ్చు, భయపడాల్సింది లేదు, అద్దాలు పెట్టుకుంటే అన్నీ చేసుకోవచ్చు అన్నాడు. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం రిక్షాలో ఇంటిదాకా ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. అన్నీ చేసుకోవచ్చు, ఒక్కటి తప్ప. రైలు డ్రైవరుగా చేరాలంటే అద్దాలు లేకుండా చూపు పూర్తిగా ఉండాలి. ఆపరేషన్ చేయించుకుని అద్దాలు తీసేసినా ఒప్పుకోరు. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు. నేను చేరేటప్పుడు ఆ వాకిలి దాటే లోపలికి వెళ్ళాను, అదే వాకిట్లోంచి నన్ను బయటికి పంపారు. నా కళ్ళే దీనికి వచ్చాయేమోనని కూడా అనుకున్నాను. డాక్టరు రెండింటికీ సంబంధం లేదన్నాడు, కాని తండ్రి మనసు డాక్టరు మాట వినదు.

అద్దాలు వచ్చిన సాయంత్రం అది తెగ మురిసిపోయింది. వరండాలోంచి చెట్టు మీది ఆకులు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయని అరిచింది. తర్వాత ఇంజన్ పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుంది. పేజీలు తిప్పుతూ ఆగింది.

"నాన్నా, ఈ పిల్లకి కళ్ళద్దాలు లేవేటి?"

"బొమ్మ గీసినోళ్ళు మర్సిపోయినారమ్మా" అన్నాను. అది నా రెండో అబద్ధం.

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అది నేల మీద బోర్లా పడుకుని ఉంది. చేతిలో నల్ల బాల్‌పెన్ను. పుస్తకంలో ప్రతి పేజీలోనూ, ఇంజన్ కిటికీలోంచి చూస్తున్న ఆ పిల్లకి గుండ్రటి కళ్ళద్దాలు గీసేసింది. దూరంగా వంతెన మీద పోతున్న బండిలో పిల్ల ముఖం ఆవగింజంత ఉంటుంది. దానికి కూడా రెండు చుక్కలు పెట్టింది.

"మర్సిపోయినారని సెప్పినావు గదా. నేను గీసేసినాను" అంది గర్వంగా.

నేను అరిచాను. మనది కాని పుస్తకం పాడుచేశావని చాలా పెద్దగా అరిచాను. అది బిత్తరపోయి పెన్ను వదిలేసింది. నేను అరిచింది పుస్తకం కోసం కాదని నాకు తెలుసు. దానికి తెలియదు.

ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని నేనే హాలు దగ్గరికి వెళ్ళాను. పిల్లలందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, ఆ అమ్మాయికి చూపించి క్షమించమన్నాను. కొత్తది కొనిస్తానన్నాను. ఆ అమ్మాయి ఒక్కొక్క పేజీ తిప్పి చూసింది.

"ఏం కాలె అన్నా. మంచిగనే గీసింది. ఉండనియ్యండి."

"ఉండనివ్వడానికి లేదమ్మా" అన్నాను. నిబంధన సంగతి చెప్పాను. మైనస్ అయిదు సంగతి చెప్పాను. "ఈ పుస్తకం సదివి పెట్టి నేనే దానికి ఆశ పెట్టినాను. రేపు ఎవరు తీరుస్తారు?"

ఆ అమ్మాయి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "బొమ్మల పుస్తకం ఉద్యోగానికి అప్లికేషన్ కాదు కదా అన్నా. పాప ఇప్పుడు నౌకరీ అడుగుతలేదు. ఇంజన్ల కూసుంటే ఎట్ల ఉంటదో చూస్తున్నది. అది చూడనియ్యకుంటే ఇంకేం చూస్తది?"

"నీకు తేలికే తల్లీ చెప్పడం."

ఆ అమ్మాయి నొచ్చుకోలేదు. "అది నిజమే అన్నా. నాకు పిల్లలు లేరు" అంది. ఇంకో మాట కూడా అంది. "కని, పాప అడిగినప్పుడు మాత్రం అబద్ధం చెప్పకున్రి. అడగకముందే చెప్పి భయపెట్టకున్రి, అడిగినంక దాచకున్రి."

నేను తలాడించి, పుస్తకం మళ్ళీ తీసుకుని వచ్చేశాను. వచ్చి, ఆ పుస్తకాన్ని బీరువా పైన, నా పాత యూనిఫాం బట్టల మూటలో పెట్టేశాను. కూతురు అడిగితే తిరిగి ఇచ్చేశానని చెప్పాను. ఆ అమ్మాయికి మాత్రం, ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటామని చెప్పాను.

తర్వాత నేనే ఆదివారాలు వెళ్ళి పుస్తకాలు ఏరి తెచ్చేవాణ్ణి. డాక్టరమ్మ కథ, టీచరమ్మ కథ, మొక్కలు పెంచే పిల్ల కథ. మంచి పుస్తకాలే. జరగగలిగే సంగతులు ఉన్న పుస్తకాలు. అది బుద్ధిగా కూర్చుని వినేది. పేజీ మూలన చీమలు చూపించేది కాదు. నేను ఆగినా, నా వైపు చూసి "తర్వాత?" అనేది. క్రమంగా నా పక్కకి రావడం తగ్గించి, తల్లి దగ్గరే చదివించుకోవడం మొదలుపెట్టింది.

బీరువా పైన దుమ్ము దులుపుతుంటే మా ఆవిడకి ఆ పుస్తకం దొరికింది. దాన్ని తీసుకుని వరండాలోకి వచ్చింది.

"ఇదేటి?"

చెప్పాను. పిల్ల మంచికోసమే అన్నాను.

కళ్ళద్దాలు గీసిన పేజీలు తిప్పి చూసింది. తర్వాత నిలబడే అంది: "మీరు ఇంజన్ దిగిపోయినారని, దాన్ని బొమ్మల్లో కూడా ఎక్కనివ్వరేటి?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అంత మాట అనలేదు. నాకు కోపం వచ్చింది. పుస్తకం లాక్కుని మళ్ళీ మూటలోనే పెట్టాను. అక్కడే మూడేళ్ళు ఉంది. కూతురు ఆ పుస్తకం ఊసెత్తలేదు. పిల్లలు అడగడం మానేస్తే మర్చిపోయారని పెద్దవాళ్ళం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

దానికి తొమ్మిదేళ్ళు నిండాక, ఒక సెలవు రోజు నాకు క్యారేజీ పట్టుకుని తల్లితో కలిసి లాబీకి వచ్చింది. తల్లి బయట ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయింది. డ్యూటీ ఎక్కడానికి వచ్చిన నా పాత జోడీ ఒకడు, నాతో పదేళ్ళు ఇంజన్‌లో తిరిగినవాడు, దాన్ని చూసి ముచ్చటపడి పలకరించాడు. పెద్దయ్యాక ఏం చేస్తావన్నాడు. అది నా వైపు చూడకుండా, "బండి నడుపుతాను బాబాయ్" అంది.

అప్పుడు తెలిసింది నాకు, మూడేళ్ళలో అది ఏదీ మర్చిపోలేదని.

వాడు నవ్వాడు. దుర్మార్గుడు కాదు, మాట తీరు అంతే. "ఓలమ్మా, కళ్ళద్దాల పిల్లకి ఇంజన్ ఎవుడిస్తాడే? మీ నాన్నే కళ్ళు ఫెయిలై ఈడ కూకున్నాడు గదా! మీ ఇంటికి ఇంజన్ రాసిపెట్టి లేదులే. సదువుకొని కాలేజీలో టీచరైపో" అని, దాని తల నిమిరి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

నేను రిజిస్టరులో తల దించుకున్నాను. అది క్యారేజీ బల్ల మీద పెట్టి, గుమ్మం దాటి తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను, వీలైనంత ఆలస్యంగా చేరాలని. అది వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. తన సంగతే అడుగుతుందనుకున్నాను. జవాబు కూడా దారిలో తయారుచేసుకున్నాను.

"నువ్వు ఫెయిలైనావా నాన్నా?"

నేను పక్కన కూర్చున్నాను. "అయినాను."

"ప్రమోషన్ కాదా?"

"కాదు."

"ఏల సెప్పలేదు?"

"నువ్వు సిన్నపిల్లవి. నీకు అర్థం కాదనుకున్నాను."

"నువ్వు ఏడ్చినావా?"

"లేదు" అన్నాను.

లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏడ్చినారు. బూట్లు అటక మీద పెట్టిన రోజున ఏడ్చినారు."

నేను కాదనలేదు. కూతురు నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, తన ప్రశ్న అప్పుడు అడిగింది. "నాకు కూడా ఇవ్వరా?"

దారిలో తయారుచేసుకున్న జవాబులో రేపు నిబంధన మారొచ్చుననీ, సైన్సు పెరుగుతోందనీ, ఇంతకంటే పెద్ద ఉద్యోగాలున్నాయనీ చాలా ఉంది. అదేదీ నోటికి రాలేదు. "ఇవ్వరమ్మా. ఇప్పుడున్న రూల్ ప్రకారం ఇవ్వరు. నాకు ముందే తెలుసు. నీకు అద్దాలు వచ్చిన రోజే తెలుసు."

చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నది, బడికి వెళ్ళింది, తల్లితో మామూలుగానే ఉంది. నేను గదిలోకి వస్తే లేచి వెళ్ళిపోయేది. మా ఆవిడ మధ్యలోకి రాలేదు. "దాని దుఃఖం దాన్ని పడనివ్వండి" అంది అంతే.

ఆ వారం చివర్న బీరువా మీది మూట దించాను. పుస్తకం అంచులు పసుపు రంగుకి తిరిగాయి. పట్టుకెళ్ళి, చదువుకునే బల్ల మీద దాని ముందు పెట్టాను. నేనే దాచానని చెప్పాను.

అది అట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"పుస్తకంలో పిల్లకి రూల్ లేదు గదా నాన్నా" అంది. "దీన్ని ఏల దాసినావు?"

నా దగ్గర జవాబు లేదని ఒప్పుకున్నాను.

"సదువు" అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల. దానికి అప్పటికి తెలుగు చదవడం వచ్చు, ఆ అమ్మాయి ఆదివారాలు నేర్పింది. అయినా నన్నే చదవమంది. చదివాను. వాన పేజీ దగ్గర ముందుకి చదవలేక ఆగాను. అది నా ముఖం చూడకుండా బొమ్మ చూస్తూ కూర్చుంది, నేను మళ్ళీ మొదలుపెట్టేదాకా.

"నిజంగా వానలో ఇంజన్లోంచి ఏటి కనిపిస్తాది?"

అప్పుడు చెప్పాను. వైపరు తిరుగుతున్నా అద్దం మీద నీళ్ళు ఆగవని, సిగ్నల్ మొదట ఎర్రటి మరకలా కనిపించి తర్వాత దీపం అవుతుందని. ఝార్‌గ్రామ్ దాటాక సాల చెట్ల అడవిలో ఏనుగులు పట్టాల మీదకి వస్తాయని, హారన్ కొట్టుకుంటూ నడకంత వేగంతో వెళ్ళేవాళ్ళమని. యాభై ఎనిమిది వ్యాగన్లు వెనక లాగుతుంటే ఆ బరువు చేతికి కాదు, నడుముకి తెలుస్తుందని. మొదటిసారి ఒంటరిగా బాధ్యత తీసుకున్న రోజు నాకు ఎంత భయమేసిందో కూడా చెప్పాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనివన్నీ ఆ నలభై పేజీల పుస్తకం పక్కన పెట్టుకుని చెప్పాను. చెప్పడం ఆ ఒక్క రోజుతో అవలేదు. ఆ నెలంతా సాయంత్రం టీ, మరమరాలు పెట్టుకుని ఏదో ఒక పేజీ తెరిచేది, దానిలోంచి ఒక ప్రశ్న అడిగేది. నేను దాని కల నిలబెట్టానో, పోయిన కలకి పరామర్శగా దాని పక్కన కూర్చున్నానో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. కూర్చోవడం మాత్రం చాలా ఆలస్యంగా కూర్చున్నాను.

మరుసటి ఏడాది ఆ వరంగల్ అమ్మాయి చదువు పూర్తయి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అట్టపెట్టె నాకు అప్పజెప్పింది. ఆ ఇంజన్ పుస్తకం తీసుకెళ్ళి, దాచిన సంగతి అప్పుడు ఒప్పుకున్నాను.

"నాకు ఎరుకే అన్నా" అంది. "ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అని మూడేండ్లు చెప్పిన్రు." నవ్వి, పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, ఒకసారి తిరగేసి, పెట్టెలో మిగతా వాటి మధ్య పెట్టేసింది. "వేరే పిల్లలు కూడ చూడాలె కదా."

అప్పటి నుంచి ఆదివారాలు ఆ అరుగు మీద నేనే కూర్చుంటున్నాను. పిల్లలకి చదివేటప్పుడు ఆగుతాను. వాళ్ళు ఏదవుతామన్నా సరే, అవ్వగలరో లేదో చెప్పే పని నాది కాదని నోరు అదుపులో పెట్టుకుంటాను. పెట్టుకోలేని రోజులూ ఉన్నాయి. ఒకసారి ఒక పిల్లకి మంచి ఉద్యోగాల గురించి చెబుతుంటే, ఆ పిల్ల పుస్తకం మూసేసి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్ళు. మొన్నామధ్య బడిలో 'నా ఆశయం' అని వ్యాసం రాయమన్నారట. క్లాస్ టీచర్ నన్ను పిలిపించి కాగితం చూపించింది. ఇంగ్లీషులో రెండే వాక్యాలున్నాయి. తాను కోరుకున్నది తన కళ్ళకి కుదరదని, వేరేది ఇంకా దొరకలేదని. తెలివైన పిల్ల, ఏదో ఒకటి రాయమని ఇంట్లో చెప్పండి అంది ఆవిడ. మంచి ఉద్దేశంతోనే అంది. ఆ రెండు వాక్యాలూ నిజమేనని, మార్కులు తగ్గితే తగ్గనివ్వమని చెప్పి వచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎత్తలేదు. దొరికినప్పుడు తనే చెబుతుంది. చెప్పకపోయినా అడగను.

గత ఆదివారం నాకు లాబీలో డ్యూటీ పడితే, అరుగు మీద అదే కూర్చుంది. డ్యూటీ దిగి నేను అటే వెళ్ళేసరికి ఇంకా ఒక పాప, దాని తల్లీ మిగిలున్నారు. నాలుగేళ్ళ పాప ఏనుగుల పుస్తకం తెరుచుకుని కూర్చుంది.

"నేను ఏనుగుల డాక్టర్ అవుతాను" అంది పాప.

తల్లి నవ్వి, పాప జుట్టు సవరిస్తూ అంది: "ఏనుగులకి డాక్టరేటే! మనుసులకి అవ్వు, నాలుగు డబ్బులొస్తాయి."

మా అమ్మాయి ఆ మాట విననట్టే పుస్తకం మీదకి వంగింది. "అయితే సూడు, ఈ ఏనుగుకి ఒంట్లో బాగోలేదు. ఎక్కడ నొప్పో సెప్పు."

పాప చాలా శ్రద్ధగా బొమ్మంతా వెతికింది. తొండం చూసింది, కాళ్ళు చూసింది, తోక చూసింది. చివరికి చెవి మీద వేలు పెట్టింది.

"ఈడ."

"ఏటైంది అక్కడ?"

పాప ఆలోచించసాగింది. తల్లి సంచీ భుజాన వేసుకుని లేచినదల్లా, మళ్ళీ చాప మీద కూర్చుని, ఆ చెవి వంక తనూ వంగి చూసింది. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. వాళ్ళు పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది.